‘వాడి బుద్ధే అంత!’ అనే ముందు

మీ పాఠశాలలో క్విజ్ పోటీ జరుగుతోందనుకోండి. మాస్టారు చేతిలో కాగితం పట్టుకుని ప్రశ్నలు అడుగుతున్నారు. ఎదురుగా నిలబడిన విద్యార్థి ఒకదానికి జవాబు చెబుతున్నాడు, రెండింటికి నీళ్ళు నములుతున్నాడు. అతడు తెల్లమొహం వేసిన ప్రతిసారీ మాస్టారు చిరునవ్వు నవ్వి సరైన జవాబు వినిపిస్తున్నారు. పోటీ ముగిసి ఇంటికి వెళుతున్నప్పుడు మీ మనసులో ఏ అభిప్రాయం మిగులుతుంది? మాస్టారు సర్వజ్ఞులు, ఆ విద్యార్థి తెలివి అంతంతమాత్రం. అవునా?

మరి ప్రశ్నలూ జవాబులూ రెండూ మాస్టారి కాగితం మీదే ఉన్నాయి గదా!

ఆ మాత్రం మాకు తెలియదా అంటారేమో. తెలుసు. తెలిసి కూడా దానిని లెక్కలోకి తీసుకోకపోవడమే ఇందులోని విచిత్రం. 1977లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లీ రాస్, థెరీసా అమాబిలే, జూలియా స్టైన్‌మెట్జ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు అచ్చంగా ఇటువంటి ప్రయోగమే చేశారు. విద్యార్థులను జంటలుగా పిలిచారు. ఇద్దరిలో ప్రశ్నలు అడిగేదెవరో, జవాబులు చెప్పేదెవరో వారి కళ్ళ ముందే ముక్కలు తీయించి నిర్ణయించారు. అంటే తెలివికీ ఆ పాత్రకూ ఏమీ సంబంధం లేదు. అడిగే వంతు వచ్చినవారు తమకు తెలిసిన విషయాలలోనుంచే కష్టమైన ప్రశ్నలు పది తయారుచేసుకోవాలి. ఎవరికైనా ఏదో ఒక మూల నలుగురికీ తెలియని సంగతులు నాలుగు తెలిసే ఉంటాయి. అక్కడినుంచి ఏరి తెచ్చిన ప్రశ్నలకు ఎదుటివారు జవాబు చెప్పడం కష్టమే. సగటున పదింటిలో నాలుగు చెప్పగలిగారు.

ఆట అయ్యాక ఇద్దరినీ ఒక లెక్క వేయమన్నారు. ఆ విశ్వవిద్యాలయంలోని మామూలు విద్యార్థి లోకజ్ఞానానికి నూటికి 50 మార్కులు అనుకుంటే, నీకెన్ని, నీ ఎదుటివారికెన్ని? ప్రశ్నలు అడిగినవారు తమకు 54, ఎదుటివారికి 51 వేశారు. పెద్ద తేడా లేదు. తాము ఏ మూలనుంచి ప్రశ్నలు ఏరుకొచ్చారో వారికి తెలుసు మరి. జవాబులు చెప్పినవారు మాత్రం అడిగినవారికి 67 వేసి, తమకు 41 వేసుకున్నారు. తర్వాత అదే ఆటను వేరేవారి ఎదుట మళ్ళీ ఆడించి చూపించి, చూసినవారి అభిప్రాయం అడిగారు. వారు ప్రశ్నలు అడిగిన వ్యక్తికి 82 మార్కులు ఇచ్చారు. జవాబులు చెప్పిన వ్యక్తికి 49.

ఈ అంకెలలో అందరూ 82ను చూసి ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం 41 ఎక్కువ కలత కలిగిస్తుంది. చూసేవారు పొరబడ్డారంటే సరేననుకోవచ్చు. ముక్క తీయడంలో అటు పడి ఉంటే తానే ప్రశ్నలడిగేవాడినని తెలిసిన మనిషి కూడా, అరగంట ఆటకే, తాను మామూలువారి కంటే తక్కువవాడినని నమ్మేశాడు. ఏడాదికి రెండు వందల రోజులకు పైగా తరగతిలో నిలబడి జవాబులు చెప్పే పిల్లల సంగతేమిటి?

ఒకరు చేసిన పనికి కారణం వెతికేటప్పుడు మనం వారి స్వభావాన్ని పెద్దది చేసి, వారున్న పరిస్థితిని చిన్నది చేసి చూస్తాం. లీ రాస్ ఆ ఏడాదే దీనికి ఒక పేరు పెట్టారు. తెలుగులో ‘కారణం అంటగట్టడంలో మూల దోషం’ అనుకోవచ్చు. మన వాడుకలో అయితే ‘వాడి బుద్ధే అంత’ అన్న నాలుగు ముక్కలు చాలు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదని ఒక సామెత ఉంది కదా, అది ఈ దోషానికి రాజముద్ర. ఇంకో సామెత కూడా మన పెద్దలే చెప్పారు: తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని. మొదటి సామెత చెప్పినవారు పొరబడే మనిషి, రెండోది చెప్పినవారు ఆ మనిషిని గమనించిన శాస్త్రజ్ఞులు అని నా ఉద్దేశం.

రాస్ పేరు పెట్టడానికి పదేళ్ళ ముందే ఈ దోషం ఒక ప్రయోగంలో బయటపడింది. మీ బడిలో చర్చాపోటీ పెట్టి, చీటీ తీస్తే మీకు ‘పల్లె కంటే పట్నమే మేలు’ అనే పక్షం వచ్చిందనుకోండి. మీకు పల్లె అంటే ప్రాణం. అయినా వంతు వచ్చింది గనుక గట్టిగా వాదించారు. విన్నవారిలో చాలామంది మీకు పట్నం మోజు ఉందనే అనుకుంటారు, చీటీ సంగతి తెలిసినవారు కూడా. 1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ అనేవారు డ్యూక్ విశ్వవిద్యాలయంలో దీనిని కొలిచి చూశారు. క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను సమర్థించే వ్యాసాలు కొన్ని, వ్యతిరేకించే వ్యాసాలు కొన్ని ఇచ్చి, రాసినవారి అసలు అభిప్రాయం ఎటువంటిదో 10 నుంచి 70 వరకు ఉండే కొలబద్ద మీద చెప్పమన్నారు. తన ఇష్టంతో సమర్థించాడని చెప్పినప్పుడు 60 వచ్చింది, ఇష్టంతో వ్యతిరేకించాడని చెప్పినప్పుడు 17. ‘ఏ పక్షం రాయాలో అధ్యాపకుడే చెప్పాడు, విద్యార్థికి వేరే దారి లేదు’ అని స్పష్టంగా చెప్పినప్పుడు ఆ రెండు అంకెలూ ఒకటి కావాలి గదా? కాలేదు. 44, 23 వచ్చాయి. తేడా తగ్గింది కాని పోలేదు. చెప్పించినవారు వేరే ఉన్నారని తెలిసినా, చెప్పిన నోటినే చూశారన్నమాట.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫ్రిట్జ్ హైడర్ 1958లో ప్రచురించిన గ్రంథంలో దీనికి ఒక మంచి సమాధానం ఉంది. మనిషి కదులుతాడు, మాట్లాడతాడు, కోప్పడతాడు. మన చూపంతా అతడి మీదే నిలుస్తుంది. అతడిని అలా నడిపిస్తున్న పరిస్థితి కదలదు, మాట్లాడదు, చాలాసార్లు కంటికే కనబడదు. కనబడినదానినే కారణం అనుకోవడం మనసుకు సులభం.

అంటే ఇది కొంతవరకు చూపుకు సంబంధించిన పొరపాటు. 1975లో షెల్లీ టేలర్, సూజన్ ఫిస్క్ ఇద్దరు మనుషులను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. చుట్టూ ప్రేక్షకులను కూర్చోబెట్టారు. మొదటి మనిషి ముఖం కనబడేచోట కూర్చున్నవారు సంభాషణను నడిపింది మొదటి మనిషే అన్నారు. రెండోవారి ముఖం కనబడినవారు రెండోవారే అన్నారు. పక్కగా కూర్చుని ఇద్దరినీ సమానంగా చూసినవారికి ఇద్దరూ సమానమే. సంభాషణ ఒకటే, కుర్చీ మారింది. అమెరికాలో డేనియల్ లాసిటర్ 1980లలో మొదలుపెట్టిన ప్రయోగాలు ఈ సంగతి న్యాయస్థానంలో ఎంత ప్రమాదకరమో చూపించాయి. పోలీసులు నిందితుడిని ప్రశ్నిస్తున్నప్పుడు కెమెరా నిందితుడి ముఖం మీదే ఉంటే, ఆ వీడియో చూసినవారు ‘తనంతట తానే నేరం ఒప్పుకున్నాడు’ అనుకుంటారు. ప్రశ్నించేవారు కూడా సమానంగా కనబడేలా తీస్తే ఆ అభిప్రాయం తగ్గుతుంది. కెమెరాను కాస్త జరిపితే మనిషి స్వభావం మారిపోతుందా?

చూపుతో పాటు తీరిక కూడా కావాలి. డేనియల్ గిల్బర్ట్, అతడి సహచరులు 1988లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక యువతి ఎవరితోనో మాట్లాడుతూ తత్తరపడుతున్న దృశ్యాన్ని శబ్దం లేకుండా చూపించారు. ఆమె ఏ విషయం మాట్లాడుతోందో కింద అక్షరాలలో వేశారు. కొందరికి మామూలు విషయాలు, కొందరికి ఎవరైనా సిగ్గుపడి తడబడే విషయాలు. తీరికగా చూసినవారు, ‘ఇటువంటి సంగతులు చెప్పాలంటే ఎవరికైనా తత్తరపాటే’ అని సర్దుకున్నారు. ఆ విషయాల పేర్లను కంఠస్థం చేయమని పని అప్పగించినవారు మాత్రం ఆమెది పిరికి స్వభావం అనేశారు. సరిదిద్దుకోవడానికి అక్కరకొచ్చే మాటలనే వారు వల్లె వేస్తున్నారు, పాపం! గిల్బర్ట్ చెప్పేదేమిటంటే, స్వభావం అంటగట్టడం మనసు చేసే మొదటి అంచె. అది దానంతటదే జరుగుతుంది. పరిస్థితిని గుర్తుచేసుకుని దిద్దుకోవడం రెండవ అంచె. దానికి శ్రమ కావాలి. మనసు వేరే పనిలో ఉంటే మొదటి అంచెలోనే ఆగిపోతాం. అరవై మంది ఉన్న తరగతిలో, గంట కొట్టేలోగా పాఠం పూర్తిచేయాలని ఆదుర్దాపడే టీచరుగారి మనసుకు రెండవ అంచె దాకా వెళ్ళే తీరిక ఎక్కడిది? ఆ మాట వారి తరఫున కూడా చెప్పుకోవాలి.

పరిస్థితి అంటే పెద్ద పెద్ద కష్టాలే కానక్కరలేదు. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతాచార్యులు కాబోయే విద్యార్థులు 40 మందితో ఒక ప్రయోగం చేశారు. ఒక్కొక్కరినీ పక్క భవనానికి వెళ్ళి చిన్న ఉపన్యాసం ఇవ్వమన్నారు. దారిలో ఒక మనిషి గుమ్మంలో కూలబడి దగ్గుతూ మూలుగుతున్నాడు. ఎవరు ఆగి పలకరిస్తారు? ఇంకా కొంత సమయముందని చెప్పి పంపినవారిలో నూటికి 63 మంది ఆగారు. సమయానికి సరిగ్గా పంపినవారిలో 45 మంది. ‘ఆలస్యమైపోయింది, అక్కడ మీకోసం ఎదురుచూస్తున్నారు’ అని తరిమినవారిలో 10 మంది. వారిలో కొందరు మాట్లాడబోయే విషయం, దారిలో పడి ఉన్న అపరిచితుడిని ఆదుకున్నవాడి కథ! ఆ కథ మనసులో ఉన్నా ఆగడంలో చెప్పుకోదగిన తేడా రాలేదు. తేడా తెచ్చింది కొన్ని నిమిషాల ఆలస్యం. ఆ దారిన వారు పోతుండగా మీరు చూసి ఉంటే ఏమనేవారు? ‘పైకి భక్తి, లోపల రాయి’ అని ఉండరూ?

ఇక మన బడులకు వద్దాం. చివరి బెంచీలో కూర్చున్న కుర్రవాడు నల్లబల్ల మీది లెక్కను తప్పుగా ఎక్కించుకుంటాడు. 3ను 8 అని, 1ని 7 అని రాస్తాడు. లెక్క తప్పుతుంది. ‘మొద్దు’ అన్న పేరు వస్తుంది. అతడికి హ్రస్వదృష్టి ఉండవచ్చునన్న సంగతి ఎవరికీ తట్టదు. హ్రస్వదృష్టి అంటే దగ్గరి వస్తువులు స్పష్టంగా కనబడి దూరపువి మసకగా కనబడడం. కనుగుడ్డు ముందు నుంచి వెనకకు కాస్త పొడుగ్గా ఉండడంవల్ల బింబం నేత్రపటలం మీద కాక దానికి ముందే ఏర్పడుతుంది. ఇందులో ఇంకో చిక్కుంది. అందరికీ లోకం అలాగే కనబడుతుందని ఆ పిల్లవాడు అనుకుంటాడు. పుట్టిన దగ్గరనుంచి ఇతరుల కళ్ళతో చూసినవారు ఎవరూ లేరు గదా! కనుక ‘నాకు బల్ల కనబడడం లేదు’ అని అతడు చెప్పడు. మిగిలినవారు అదే బల్ల చూసి సరిగా రాస్తున్నారు, తాను రాయలేకపోతున్నాడు, కాబట్టి తాను మొద్దే అని నమ్ముతాడు. తనకు తాను 41 మార్కులు వేసుకుంటాడు.

ఇది ఊహించి చెబుతున్న సంగతి కాదు. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలలో 7 నుంచి 15 ఏళ్ళ పిల్లలు 4,074 మందికి కళ్ళు పరీక్షించి, ఆ ఫలితాలను 2002లో ప్రకటించారు. నూటికి నలుగురికి హ్రస్వదృష్టి ఉన్నట్లు తేలింది. చూపు తగ్గిన కళ్ళలో నూటికి 61 వాటికి కారణం అద్దాలతో సరిపోయే లోపమే. నన్ను ఆపి ఆలోచింపజేసిన అంకె మరొకటి ఉంది. రెండు కళ్ళలో మెరుగైనదానితో కూడా చూపు మందంగా ఉన్నవారు అద్దాలు లేకుండా లెక్కిస్తే నూటికి 2.7, ఉన్న అద్దాలు పెట్టించి లెక్కిస్తే 2.6. రెండూ దాదాపు ఒకటే ఎందుకైనాయి? అద్దాలున్నవారు లేనట్టే గనుక. తర్వాత తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ‘కంటి వెలుగు’ పేరుతో పెద్ద ఎత్తున కంటి పరీక్షలు మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభించింది బడి పిల్లలతోనే. అద్దాలు వచ్చాక చూపు సరి అవుతుంది. అప్పటిదాకా అన్న మాటలు తిరిగి తీసుకునే పథకం మాత్రం ఏ ప్రభుత్వమూ పెట్టలేదు.

చూపు ఒక్కటే కాదు. చెవిలో చీము కారే పిల్లకు మాట సరిగా వినబడదు, ‘మొండిది, పిలిస్తే పలకదు’ అంటారు. రక్తహీనత ఉన్న అమ్మాయి మధ్యాహ్నం తరగతిలో తూగుతుంది, ‘బద్ధకం’ అంటారు. రక్తంలో ఇనుము చాలకపోతే ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తగ్గుతుంది, కండరాలూ మెదడూ అలసిపోతాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. సగానికి పైగా అమ్మాయిలకు ఒకేసారి బద్ధకం పుట్టిందని ఎవరైనా అంటే నవ్వుతాం. ఒక్కొక్కరిని చూసి అదే మాట అన్నప్పుడు ఎందుకు నవ్వం?

‘చదువబ్బలేదు’ అని ఒక మాట ఉంది మనకు. నాకు ఏమాత్రం నచ్చని మాట. ఆలేరు దగ్గరి శారాజీపేటలో నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం ఆరవ తరగతితో బడి మానేశారు. కారణం ఇంటి పేదరికం. పోచంపల్లి పద్ధతి చీర నేయడానికి ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ వేల సార్లు తిప్పాలి. దానినే ఆసు పోయడం అంటారు. ఆ పనితో తల్లి భుజం నొప్పితో బాధపడడం చూసి, ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో ఆసు పోసే యంత్రాన్ని తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. స్టాన్‌ఫర్డ్ ఆటలోలాగా ఆయనే పది ప్రశ్నలు తయారుచేసి ఇంజనీరింగు చదివినవారిని అడిగి ఉంటే ఎవరికెన్ని మార్కులు వచ్చేవి? మన తరగతిలో గొర్రెలు కాసే ఇంటి పిల్లలు, వల వేసే ఇంటి పిల్లలు, మగ్గం నేసే ఇంటి పిల్లలు ఉంటారు. ప్రశ్నలడిగే వంతు వారికి ఎన్నడైనా వచ్చిందా?

ఒక్కరి మీద వేసిన ముద్ర ఒక తరగతిని దాటి పోదు. అదే ముద్ర ఒక సమాజం మొత్తం మీద, చట్టం రూపంలో పడితే ఏమవుతుందో మన చరిత్రలోనే ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం చేసింది. వడ్రంగం, నేత వంటివి కులవృత్తులైనట్లే దొంగతనం కూడా కొందరికి వంశపారంపర్య వృత్తి అన్నది దాని వెనక ఉన్న వాదన. 1911లో తెచ్చిన కొత్త చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. తెలుగునాట ఎరుకలవారు దాని వాతపడ్డారు. వారిలో పేర్లు నమోదు చేయించుకోవలసి వచ్చినవారు వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గర 1913 ప్రాంతంలో వారికోసం ఒక నివేశం ఏర్పాటు చేశారు. సాల్వేషన్ ఆర్మీ దానిని నడిపింది. దానికి హెరాల్డ్ స్టువర్ట్ అనే ఒక ఉన్నతాధికారి పేరు పెట్టారు. అదే స్టువర్టుపురం.

ఇప్పుడు కెమెరాను కాస్త జరిపి చూద్దాం. అంతకు ముందు ఈ ఎరుకలవారు ఏం చేసేవారు? గాడిదల మీదా ఎడ్ల మీదా కోస్తా ఉప్పును లోపలి జిల్లాలకు చేరవేసి, ధాన్యానికి మార్చి తెచ్చేవారు. అడవి వెదురుతో, ఈతాకుతో బుట్టలు అల్లేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఉప్పు సర్కారు గుత్తాధిపత్యంలోకి పోయింది. రైళ్ళు వచ్చి సరుకును లాక్కుపోయాయి. 1876-78 మహా కరువు మిగిలిన పశువులనూ తినేసింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవికి అడ్డుకట్ట వేసింది. మూడు తరాలలోపే బతుకుతెరువు నాలుగు వైపులా మూసుకుపోయింది. వారిలో కొందరు దొంగతనాలకు దిగారు. అధికారి కంటికి దొంగ కనబడ్డాడు. ఉప్పు బస్తా, రైలు పట్టా, ఎండిన చెరువు కనబడలేదు. వంశపారంపర్యంగా వచ్చింది నేరమా, దారి లేకపోవడమా?

మద్రాసులో ఆ చట్టాన్ని 1947లో రద్దు చేశారు. దేశమంతటా 1952లో పోయింది. ముద్ర అంత త్వరగా పోలేదు. ఆ ఊరిని, అక్కడి దొంగల కథలని చెప్పుకుంటూ 1991లో సినిమా వచ్చింది, 2023లోనూ వచ్చింది. ఆ ఊరి కుర్రవాడు వేరే పట్నంలో గది అద్దెకు అడిగి ఊరి పేరు చెప్పవలసి వచ్చినప్పుడు అతడి గొంతు తడబడితే, ఇంటివారు ఆ తడబాటుకు ఏ కారణం చెప్పుకుంటారో ఆలోచించండి.

ఇంతకూ ఈ దోషం మనకు పుట్టుకతో వచ్చిందా, నేర్చుకున్నామా? జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు 1984లో ప్రచురించిన పనిలో ఒక ఆసక్తికరమైన జవాబు దొరుకుతుంది. ఆమె మన పక్కనున్న మైసూరులోనూ, అమెరికాలోని చికాగోలోనూ 8, 11, 15 ఏళ్ళ పిల్లలనూ పెద్దవారినీ కలిసి, తమకు తెలిసినవారు చేసిన మంచిపనినీ చెడ్డపనినీ చెప్పి, ఎందుకలా చేశారో వివరించమని అడిగింది. పెద్దవారిలో తేడా బాగా కనబడింది. అమెరికావారు చెప్పిన కారణాలలో నూటికి సుమారు 40 మనిషి స్వభావానికి సంబంధించినవి. మైసూరువారిలో అవి 20కి లోపే. వారు ఎక్కువగా బాధ్యతలు, బంధుత్వాలు, అప్పటి పరిస్థితులు చెప్పారు. ఒక మైసూరువాసి చెప్పిన సంఘటన ఇది: ఒక వకీలు మోటారు సైకిల్ మీద కోర్టుకు పోతుండగా వెనక చక్రం పేలింది. వెనక కూర్చున్న మనిషి పడి తలకు దెబ్బ తగిలింది. వకీలు అతడిని ఆసుపత్రిలో దింపి, గాయం ఎంత తీవ్రమో డాక్టరును అడగకుండానే కోర్టుకు వెళ్ళిపోయాడు. ఆ మనిషి చనిపోయాడు. చెప్పినాయన వకీలుది తప్పేనన్నాడు. అయితే ఎందుకలా చేశాడంటే, కోర్టులో కక్షిదారు తరఫున ఉండడం అతడి విధి, పైగా కంగారుపడి ఉంటాడు, గాయం పైకి అంత పెద్దదిగా కనబడి ఉండదు అన్నాడు. ఇదే కథను అమెరికావారికి వినిపిస్తే, ఆ వకీలు బాధ్యత లేని మనిషి అన్న ధోరణిలో జవాబులు వచ్చాయి.

మనవాళ్ళు నెగ్గారని చప్పట్లు కొట్టబోతున్నారేమో, ఆగండి. ‘ఆ కులంవాళ్ళంతే’, ‘ఆ జిల్లావాళ్ళంతే’ అన్న మాటలు మన వీధి అరుగుల మీద ఎన్నిసార్లు వినలేదు? తెలిసినవారి విషయంలో ఉదారంగా ఉండి, తెలియనివారి విషయంలో ఆ ఉదారతను మడిచి దాచుకోవడం మనకు బాగా వచ్చు. నాకు మిల్లర్ ఫలితాలలో ముఖ్యంగా తోచింది వేరే ఉంది. ఎనిమిదేళ్ళ పిల్లలలో రెండు దేశాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. వయసుతో పాటు తేడా పెరిగింది. అంటే కారణాలు చెప్పే పద్ధతిని పిల్లలు తమ చుట్టూ ఉన్న పెద్దలనుంచి నేర్చుకుంటున్నారు. మీ వయసు పదమూడో పద్నాలుగో అయితే, మీరిప్పుడు సరిగ్గా ఆ పాఠంలోనే ఉన్నారు.

పరిశోధకుల మాటలను కూడా గుడ్డిగా నమ్మనక్కరలేదు సుమా. ‘ఎవరైనా తమ పనులకు పరిస్థితినీ, ఇతరుల పనులకు స్వభావాన్నీ కారణంగా చెబుతారు’ అని చాలా ఏళ్ళు పాఠ్యగ్రంథాలలో రాశారు. బెర్‌ట్రామ్ మాలె అనే శాస్త్రజ్ఞుడు 2006లో 173 అధ్యయనాలను కలిపి లెక్క కడితే, సగటున ఆ తేడా దాదాపు లేదని తేలింది. చెడు జరిగిన సందర్భాలలో మాత్రం అది కనబడింది. అక్కడే గదా ముద్రలు పడేది!

అయితే స్వభావం అంటూ ఏమీ లేదా? తప్పు చేసినవారందరూ పరిస్థితిని అడ్డుపెట్టుకుని తప్పించుకోవచ్చునా? ఇటువంటి వ్యాసాలు చదివినవారు అడిగే ప్రశ్న ఇది, న్యాయమైనదే. కారణం తెలుసుకోవడం వేరు, క్షమించడం వేరు. దొంగతనం చేసినవాడు కోర్టులో జవాబు చెప్పుకోవలసిందే. అతడి పక్కింటి పసివాడు ఎందుకు హాజరు పలకాలి? ఇక స్వభావం ఉన్నదా లేదా అంటే, ఉన్నది. దానిని పట్టుకోవడానికి హెరాల్డ్ కెల్లీ 1967లో చెప్పిన పద్ధతి నాకు సులభంగా తోస్తుంది. ఒక అమ్మాయి లెక్కల ఇంటిపని తేలేదనుకోండి. మిగతావారు తెచ్చారా, వారూ తేలేదా? ఆమె లెక్కలు మాత్రమే చేయలేదా, తెలుగూ సైన్సూ కూడా చేయలేదా? ఎప్పుడూ ఇంతేనా, ఈ నెల నుంచేనా? ఎవరూ తేకపోతే ఇంటిపనిలోనే ఏదో చిక్కు ఉంది. లెక్కలు ఒక్కటే ఎప్పుడూ తేకపోతే, ఆ పాఠం దగ్గర ఆమె ఎక్కడో ఆగిపోయింది. ఈ నెల నుంచే అయితే ఇంట్లో ఏమైందో కనుక్కోవాలి. తల్లి జబ్బుపడి వంటపని ఆమె మీద పడిందేమో! అందరూ తెచ్చి, ఆమె ఒక్కతే, అన్ని పాఠాలలోనూ, ఏళ్ళ తరబడి తేకపోతే అప్పుడు స్వభావం మాట ఎత్తవచ్చు. అప్పుడైనా ముందు కళ్ళూ రక్తమూ పరీక్ష చేయించమంటాను.

ఇదే లెక్క మెచ్చుకోవడానికీ వర్తిస్తుందని చాలామంది గుర్తించరు. మొదటి ర్యాంకు వచ్చినవాడిని ‘పుట్టు మేధావి’ అంటాం. అతడికి వేరే గది, ట్యూషను, పొద్దున్నే లేపి పాలు కలిపి ఇచ్చే తల్లి ఉన్నారన్న సంగతి ప్రోగ్రెస్ కార్డులో ఉండదు. అతడి కష్టాన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. 82 మార్కులలో ఎన్ని అతడివో, ఎన్ని చేతిలోని కాగితానివో వేరు చేసి చూడమంటున్నాను, అంతే.

స్టాన్‌ఫర్డ్ ప్రయోగానికి ఖర్చేమీ లేదు. మీ టీచరుగారి అనుమతి తీసుకుని మీ తరగతిలోనే చేయవచ్చు. అయిదు జంటలను పిలిచి, అడిగేవారిని అందరి ఎదుటా చీటీ తీసి నిర్ణయించండి. పది ప్రశ్నలు తయారుచేసుకోవడానికి ఒక పావుగంట ఇవ్వండి. పాఠ్యపుస్తకంలోవి కూడదు, వారి ఇంటి పని, ఊరు, ఇష్టమైన ఆట, ఏదైనా సరే. ఆట అయ్యాక అందరూ పేరు రాయకుండా, అడిగినవారి తెలివికెన్ని, చెప్పినవారి తెలివికెన్ని అని నూటికి మార్కులు వేయాలి. ఆడిన పదిమంది చీటీలను వేరుగా కట్టండి. మర్నాడు అవే జంటలలో వంతులు మార్చి మళ్ళీ ఆడించండి. రెండు రోజుల సగటులనూ నల్లబల్ల మీద పక్కపక్కన వేసి చూడండి. చివరి బెంచీవారికి కూడా కనబడేంత పెద్ద అంకెలు వేయడం మరచిపోకండి.